మా పట్టా జాగాలో పక్కింటి వాళ్ల కారు, గొడవ పడకుండా తీయించడం ఎలా?

బరంపురం_బుల్లోడు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం, పాత ఊరి వైపు ఒక ఇరుకు సందు. తాతగారు కట్టిన ఇల్లు. ఇంటి గోడకీ కార్పొరేషన్ కాలవకీ మధ్యన పదడుగుల వెడల్పు ఖాళీ జాగా ఉంది. అది మా పట్టాలోదే, రోడ్డుది కాదు. ప్రహరీ మాత్రం ఎప్పుడూ కట్టలేదు, ఎందుకంటే ఆ రోజుల్లో సందులో ఎవరింట్లో పెళ్లి జరిగినా అక్కడే పందిరి వేసేవారు, తాతగారికి అదో గొప్ప. ఇప్పుడక్కడ నాన్న స్కూటరు, నా బైకు, అమ్మ తులసికోట ఉంటాయి. ఉండేవి అనాలి.

పక్కింటి వాళ్లు ఒడియా వాళ్లు. ఆ ఇంటి పెద్దాయన్ని మేం మౌసా (ఒడియాలో బాబాయి లాంటి పిలుపు) అంటాం, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. మంచి మనిషి, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. 2025లో మా ఊరి అమ్మవారి ఠాకురాణీ జాత్రకి వాళ్ల అల్లుడు భువనేశ్వర్ నుంచి కారేసుకుని వచ్చాడు. జాత్ర రోజుల్లో బరంపురం రోడ్లు ఎలా ఉంటాయో చూసినవాళ్లకి తెలుసు, సైకిలు పెట్టడానికి కూడా సందు దొరకదు. "జాత్ర అయ్యేదాకా మీ ముందర పెట్టుకోనీ బాబూ" అని మౌసా అడిగారు, నాన్న సరే అన్నారు. జాత్ర అయిపోయింది, అల్లుడు వెళ్లిపోయాడు, కారు మాత్రం వెళ్లలేదు. అతను కొత్తది కొనుక్కుని పాతది మావగారికి ఇచ్చేశాడట! మౌసాకి డ్రైవింగ్ రాదు, కొడుకు ఆదివారం పూట గోపాల్‌పూర్ బీచికి తీసుకెళ్తాడు, మిగతా వారమంతా మా గుమ్మం ముందే. దానికి నీలం టార్పాలిన్ ఒకటి కప్పి తాడు మా కిటికీ ఊచకి కట్టారు. కారు కడిగిన నీళ్లన్నీ మా మెట్టు కిందకే.

నాన్నకి మోకాళ్ల ఆపరేషన్ అయింది. ఆటో మెట్టు దాకా రావాలంటే ఆ కారు అడ్డం. నేను కొడుకుతో మాట్లాడితే "రోడ్డు పక్క జాగా కదా భాయి, అందరిదీ" అన్నాడు. అక్కడ కాలింది నాకు. నాన్నేమో ఇరుగుపొరుగుతో పేచీ పెట్టుకోవద్దంటారు, అమ్మకి మౌసి, అంటే మౌసా భార్య, సొంత అక్కతో సమానం, మొన్న ఒడియా వాళ్ల రజ పండక్కి కూడా పొడపిఠా అనే పిండివంట పంపింది. పోలీసుల దగ్గరికి వెళ్తే పట్టించుకుంటారా? చక్రానికి గొలుసేసి తాళం పెట్టొచ్చా? ఇలాంటిది పడినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

రాయగడ_అక్క:

తమ్ముడూ, నువ్వు మాట్లాడింది కొడుకుతో. జాగా అడిగింది మౌసా, ఇచ్చింది మీ నాన్న. మాట వాళ్లిద్దరి మధ్యది కాబట్టి అక్కడే తేలాలి. కొడుక్కి ఆ సంగతి తెలిసుండకపోవచ్చు కూడా, వచ్చేసరికి కారు అక్కడుంది, అక్కడే ఉంటుందనుకున్నాడు.

మీ నాన్న నోటితోనే చెప్పించు. ఆయన వెళ్లలేకపోతే మౌసానే టీకి పిలవండి. "నా కాళ్లు ఇలా అయ్యాయి, ఆటో లోపలికి రావాలి, ఫలానా తారీకు కల్లా జాగా ఖాళీ చేయించండి" అనాలి, అంతే. తారీకు చెప్పకపోతే "అలాగే అలాగే" అంటూ మళ్లీ జాత్ర దాకా లాగుతారు. పొడపిఠా తిన్నామన్న మొహమాటం అక్కర్లేదు, మీరూ సంక్రాంతికి అరిసెలు పంపే ఉంటారు.

ఇంకోటి, కారు ఎక్కడ పెట్టుకోవాలో కూడా వాళ్లకి చూపించగలిగితే పని సగం అయిపోతుంది. మా సందులో ఒకాయన తన ఖాళీ ప్లాటుకి రేకుల షెడ్డేసి నెలవారీ అద్దెకి కార్లు పెట్టించుకుంటున్నాడు. మీ వైపు కూడా ఎవరో ఒకరు ఉంటారు, కనుక్కో.

గంజాం_పులి:

ఇంత మర్యాదలెందుకండీ. రాత్రి నాలుగు టైర్లకీ గాలి తీసేయండి. రెండుసార్లు జరిగితే మూడోసారి వాళ్లే వేరే చోటు చూసుకుంటారు. చనువిస్తే చంకనెక్కే రకాలకి టీలు బిస్కెట్లు ఏంటి.

కోర్టుపేట_గుమాస్తా:

పులి గారి సలహా వినకండి. ఇప్పుడు తప్పు పక్కింటివాళ్లది. గాలి తీసిన మర్నాటి నుంచి మీది. ఈ రోజుల్లో ప్రతి రెండో ఇంటికీ కెమెరా ఉంది. టైరు కోసినా, గీత పెట్టినా భారతీయ న్యాయ సంహిత 324 కింద ఆస్తికి నష్టం చేసిన కేసు అవుతుంది. చక్రానికి గొలుసు కూడా వద్దు. బండి ఎక్కడున్నా అది వాళ్ల సొత్తు, అర్ధరాత్రి మౌసాకి గుండెనొప్పి వచ్చి కారు తీయబోతే మీ తాళం ఉందనుకోండి, ఆ తర్వాత మీ మాట ఎవరూ వినరు.

నేను వకీలుని కాను, వకీలు దగ్గర చాలాకాలంగా కాగితాలు రాస్తున్నవాణ్ణి. చూసింది చెప్తాను.

పోలీసు సంగతి. పరాయి స్థలంలోకి చొరబడటం 329, దారి అడ్డగించడం 126, రెండూ న్యాయ సంహితలో ఉన్నాయి. ఐపీసీలో 441, 447, 341 అనేవాళ్లమే, 2024 జులై 1 నుంచి నంబర్లు మారాయి. 126 కింద నెల దాకా సాధారణ జైలు, లేదా 5000 దాకా జరిమానా, లేదా రెండూ. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 329 నిలబడాలంటే ఊరికే బండి పెట్టారని చెబితే చాలదు, నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, సతాయించాలనో ఉద్దేశం ఉండాలి. మీ నాన్నగారే మొదట ఒప్పుకున్నారు కాబట్టి ఎస్సై మొదటి మాటే "ఇది సివిల్ మేటర్, కోర్టుకెళ్లండి" అంటాడు. బాగా గొడవైతే 112కి ఫోన్ చేసుకోవచ్చు, వాళ్లొచ్చి ఇద్దర్నీ కూర్చోబెట్టి సర్దిచెప్పి వెళ్తారు, మర్నాడు కారు మళ్లీ అక్కడే. రెండు పక్కలా నోరు లేస్తే ఇద్దరి చేతా శాంతి బాండు రాయించుకుంటారు, పాతవాళ్లు సీఆర్‌పీసీ 107 అంటారే, అదే. అంటే మీ నాన్నగారు కూడా ఆ మోకాళ్లతో మెజిస్ట్రేటు ముందు నిలబడాలి. మీకది కావాలా?

సివిల్ దారిలో ఇంజంక్షన్, అంటే ఆ పని చేయొద్దని కోర్టు ఇచ్చే ఆర్డరు, ఉంది, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 38 కింద. అది మంచి మందే. కానీ కోర్టు అడిగే మొదటి ప్రశ్న కారు గురించి కాదు, "ఈ జాగా నీదేనా, ఎక్కడిదాకా నీది?" అని. కొడుకు అన్న "అందరిదీ" అనే మాటకి జవాబు కూడా అక్కడే ఉంది. మీ కాగితాలు ఏమున్నాయి? ఒడియాలో ఉన్న ఖతియాన్ (భూమి హక్కుల రికార్డు) మీ పేరున ఉందా, తాతగారి పేరునే ఉందా?

బరంపురం_బుల్లోడు:

గుమాస్తా గారూ, తాతగారి దస్తావేజు తెలుగులో ఉంది, చేతిరాత, గజాల్లో కొలత. ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో చూస్తే ఒడియాలో నాన్న పేరుంది, కిసం (భూమి రకం) ఘరబారి, అంటే ఇంటి స్థలం అని, విస్తీర్ణం డిసిమిల్‌లో. రెండూ ఒకటేనో కాదో నాకు లెక్క తేలలేదు. నాన్న ఒడియా గడగడా చదువుతారు గానీ లెక్క దగ్గరికొచ్చేసరికి "అన్నీ సరిగ్గానే ఉన్నాయిలే" అంటారు.

కోర్టుపేట_గుమాస్తా:

లెక్క సులువే. ఎకరంలో వందో వంతు డిసిమిల్, అంటే 435.6 చదరపు అడుగులు, గజాల్లో చెప్పాలంటే 48.4. తాతగారి గజాల్ని 48.4తో భాగించి భూలేఖ్‌లో ఉన్న అంకెతో పోల్చండి. కొంచెం తేడా మామూలే. బాగా తగ్గితే మాత్రం సెటిల్‌మెంట్ (ప్రభుత్వ భూసర్వే) కొలతలప్పుడు మీ ముందరి జాగాని రోడ్డులోనో కాలవలోనో కలిపేసి ఉండొచ్చు. మన గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కదా, అప్పటి కొలతలకీ తర్వాతి ఒడియా రికార్డులకీ ఇలాంటి తిరకాసులు మా ఆఫీసుకి వస్తూనే ఉంటాయి.

విస్తీర్ణం సరిపోయినా హద్దు ఎక్కడుందో అంకె చెప్పదు. తహసీల్దారుకి డిమార్కేషన్, అంటే హద్దు కొలిచే దరఖాస్తు పెట్టండి, ఫీజు కట్టించుకుని పక్కవాళ్లకి నోటీసిచ్చి అమీన్‌ని, అంటే సర్వేయరుని పంపుతారు. ఆయన కొలిచి గుర్తులు పెడితే, ఆ కాగితం ముందు "అందరిదీ" అన్న మాట నిలవదు.

అది వచ్చేలోపు మౌసాకి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. నోటీసు కాదు, మామూలు మాట. "మౌసా, జాత్రకి మీరడిగితే నాన్న మా జాగాలో కారు పెట్టుకోమన్నారు కదా, ఇప్పుడు ఆటో రావడానికి మాకు కావాలి, ఈ నెలాఖరుకల్లా తీయించండి" అని, ఒడియాలోనే రాయండి. ఆయన "సరే" అన్నా చాలు, బొటనవేలి బొమ్మ పెట్టినా చాలు. మీరు అనుమతిస్తేనే పెట్టారని తేలిపోతుంది. అనుమతితో వాడుకున్న జాగా ఎన్నేళ్లయినా అనుమతి కిందే లెక్క, పన్నెండేళ్లైంది కాబట్టి మాదే అనడానికి కుదరదు. రేపు పెద్దలిద్దరూ లేకపోతే ఆ కొడుకు "మేమెవర్నీ అడగలేదు, మొదట్నుంచీ మా హక్కుతోనే పెట్టుకున్నాం" అంటాడు, అప్పుడు మీ దగ్గర ఏముంటుంది?

రాయగడ_అక్క:

గుమాస్తా గారూ, మీరు చెప్పింది కోర్టుకి బాగుంటుంది, కానీ గోడ అవతలి మనిషికి మెసేజ్ పెడితే "ఓహో, కాగితం దాకా వచ్చారన్నమాట" అనుకోరూ? ఇన్నేళ్ల స్నేహం అక్కడే పుటుక్కుమంటుంది.

కోర్టుపేట_గుమాస్తా:

ముందు నోటితో చెప్పాలి, మీరన్నదే కరెక్టు. మాట్లాడాక అదే సాయంత్రం "పొద్దున అనుకున్నట్టు నెలాఖరుకి, థాంక్యూ మౌసా" అని పెడితే ఎవరూ నొచ్చుకోరు.

పర్లాకిమిడి_పైపులోడు:

వెల్డింగ్ పని చేస్తాను, గేట్లు గ్రిల్లులు, అందుకని ఈ తగాదాలు నాకు రోజూ ఎదురవుతాయి. కస్టమరు గేటు ఆర్డరిచ్చాడంటే సగం సార్లు వెనకాల ఒక పక్కింటి బండి ఉంటుంది.

ముందొకటి చూసుకో తమ్ముడూ. మీ మెట్టు ముందు కాలవ మీద సిమెంటు ర్యాంపు ఉందా? ఉంటే ఆ ర్యాంపు మీ జాగాలోది కాదు. నువ్వు రోడ్డు, ఆక్రమణ అని కార్పొరేషన్‌కి ఫిర్యాదు పెడితే వాళ్లొచ్చి కారుని వదిలేసి మీ ర్యాంపు కొట్టేసి పోతారు. మా దగ్గర ఒక పెద్దాయనకి సరిగ్గా ఇదే జరిగింది, పక్కింటి ఆటో మీద కంప్లయింటు పెట్టి తన అరుగు పోగొట్టుకున్నాడు.

రోడ్డు మీద పెట్టిన బండి సంగతి వేరు. రోడ్డు ఎవరిదీ కాదు, నా ఇంటి ముందుంది కాబట్టి నాదే అనడానికి లేదు, అక్కడ పూలకుండీలు పెట్టి ఆపడం కూడా తప్పే. కాకపోతే రోడ్డు మీదైనా గేటుకి అడ్డంగా పెట్టకూడదు, 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్లలో ఉంది, అప్పుడు ట్రాఫిక్ వాళ్లని పిలిచినా అర్థం ఉంటుంది. నీది సొంత పట్టా జాగా అయితే ట్రాఫిక్ వాళ్లకి సంబంధం లేదు, నీ అడ్డం నువ్వే పెట్టుకోవాలి.

మడిచే పోస్టు, అంటే పడుకోబెట్టగలిగే ఇనప స్తంభం పెట్టు. రెండంగుళాల జీఐ పైపు, అడుగున మడత కబ్జా (తలుపులకి ఉండేలాంటిది), కింది ప్లేటుకి (ఫ్లాంజి) నాలుగు యాంకర్ బోల్టులు. నిలబెట్టి తాళం వేస్తే కారు రాదు, ఆటో వచ్చినప్పుడు తాళం తీసి పడుకోబెడితే దాని మీంచి వెళ్లిపోతుంది. పదడుగుల వెడల్పుకి మధ్యలో ఒక్కటి చాలు, బైకులు పక్కనుంచి పోతాయి. రాత్రి కనబడేలా ఎర్ర రేడియం అతికించు, లేకపోతే చీకట్లో ఎవడో గుద్దుకుని ఆసుపత్రి బిల్లు నీ దగ్గరికి తెస్తాడు. సిమెంటు దిమ్మె కట్టేవాళ్లున్నారు, వద్దు, రేపు ఇంట్లోకి మంచమో బీరువానో తేవాలంటే నువ్వే తిట్టుకుంటావు. గొలుసు కూడా నాకు నచ్చదు, రెండు పక్కలా స్తంభాలు కావాలి, పిల్లలు ఎక్కి ఊగుతారు.

ఒకటే షరతు, కారు బయటికి వెళ్లిన ఆదివారం పూట బిగించొద్దు. వాళ్లు గోపాల్‌పూర్ నుంచి వచ్చేసరికి పోస్టు కనబడిందంటే అది యుద్ధమే. చెప్పి బిగించు.

బల్లార్షా_బండోడు:

మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మా తాతలు కరీంనగర్ వైపు నుంచి బొగ్గు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. మాకు ఇల్లు కాదు, ఫ్లాటు. మా లొల్లి వేరే తీరు, అయినా ఫ్లాటుల్లో ఉన్నోళ్లకి పనికొస్తదని రాస్తున్న.

మా బిల్డరు కింద పిల్లర్ల మధ్య జాగాలకి నంబర్లేసి ఒక్కొక్కరికి విడిగా పైసలు తీసుకుని "అమ్మిండు". ఒకాయన రెండు కొన్నడు. నాకు రాలేదు. ఆ రెండో దాంట్ల ఆయన తమ్ముని జీపు, అది ఆర్నెల్లకోసారి కదులుతది. నేను ఓసారి ఖాళీగ ఉంటే పెట్టుకున్న, పొద్దున్నే తలుపు కొట్టి రసీదు చూపెట్టిండు. మా వకీల్ సాబ్ ఆ రసీదు చూసి నవ్విండు. స్టిల్ట్ పార్కింగ్‌ని, అంటే ఆ పిల్లర్ల మధ్య జాగాని, బిల్డరు విడిగా అమ్మడానికి లేదు, అది గ్యారేజీ కాదు, అందరి ఉమ్మడి జాగా అని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది, ముంబై దహిసర్‌లో పంచాలీ సొసైటీ కేసు. 2016 రెరా (రియల్ ఎస్టేట్) చట్టంల కూడా ఓపెన్ పార్కింగ్ కామన్ ఏరియా కిందికే వస్తది.

అట్లని ఎవరికి దొరికితే వాళ్లు పెట్టుకునుడు కాదు. సొసైటీ పంచాలె. మహారాష్ట్రల సొసైటీల మోడల్ బైలాస్ (నియమావళి) ప్రకారం జాగాలు తక్కువుండి బండ్లు ఎక్కువుంటే చిట్టీలు తీయాలె. మేము జనరల్ బాడీల లొల్లి చేసి చేసి ఆఖరికి చిట్టీలేయించినం. ఆ రెండు జాగాల ఆయనకి ఒకటే వచ్చింది, ఇప్పటికీ లిఫ్టుల నాతో మాట్లాడడు. కమిటీ వినకపోతే సహకార సంఘాల డిప్యూటీ రిజిస్ట్రార్‌కి రాయొచ్చు, సహకార కోర్టు కూడా ఉంది. ఒడిశాల ఫ్లాటులకి 2023 చట్టం కొత్తగ వచ్చిందట గదా, దాని సంగతి గుమాస్తా గారే చెప్పాలె.

కోర్టుపేట_గుమాస్తా:

అవునండి, 1982 అపార్ట్‌మెంట్ చట్టం పోయి 2023లో కొత్తది వచ్చింది, ఓనర్ల సంఘం, ఉమ్మడి జాగాల విషయాలన్నీ అందులోనే. దానికి వేరే ప్రశ్న పెట్టండి, ఇక్కడ రాస్తే బుల్లోడి కారు మర్చిపోతాం.

గంజాం_పులి:

సరే గాలి మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ కిటికీ ఊచకి కట్టిన తాడైనా విప్పొచ్చా?

పర్లాకిమిడి_పైపులోడు:

ఊచ నీదైతే తాడు విప్పడానికి ఎవర్నడగాలి. టార్పాలిన్ మడత పెట్టి కారు మీదే పెట్టెయ్, చింపకు.

బరంపురం_బుల్లోడు:

అందరికీ థాంక్స్, జరిగింది చెప్తాను.

ర్యాంపు ఉంది, పైపులోడు అన్నా చెప్పాక చూసుకుంటే నిజంగానే కాలవ మీదే ఉంది, కాబట్టి కార్పొరేషన్ ఆలోచన మానేశా. గజాలూ డిసిమిల్ లెక్క వేస్తే దాదాపు సరిపోయింది.

నాన్న మౌసాని పిలిచి మాట్లాడారు. నేను లోపలి గదిలో ఉన్నాను, అన్నీ వినబడ్డాయి. మౌసా మొదట నవ్వేసి "నువ్వు ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదోయ్" అన్నారు, తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు, ఆ తర్వాత కారు అల్లుడి పేరుమీదే ఉందనీ, ఇన్సూరెన్సు కూడా అయిపోయిందనీ, ఇంట్లో దాని మీద రోజూ గొడవేననీ చెప్పుకొచ్చారు. మాకు తెలియని కథ చాలా ఉంది అక్కడ. నెలాఖరుకి తీయిస్తానన్నారు. ఒకటే అడిగారు, 2027 జాత్రకి కూతురూ పిల్లలూ వస్తే ఆ కొద్దిరోజులు పెట్టుకోనివ్వమని. నాన్న వెంటనే సరే అనేశారు. నాకు ఒళ్లు మండింది గానీ ఏం చేస్తాం. గుమాస్తా గారు చెప్పినట్టు సాయంత్రం మెసేజ్ పెట్టా, జాత్ర మాట కూడా రాసి. మౌసా నమస్కారం బొమ్మ పంపారు. కొడుకు మాత్రం ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నాడు.

పోస్టుకి ఆర్డరిచ్చేశా. డిమార్కేషన్ ఇంకా కావాలంటారా? ఇప్పుడు దరఖాస్తు పెడితే మౌసా ఇంటికి నోటీసు వెళ్తుంది కదా, అదే టెన్షన్.

రాయగడ_అక్క:

ఇప్పుడు వద్దు. కారు వెళ్లనీ ముందు.

కోర్టుపేట_గుమాస్తా:

అక్క గారితో నేను ఒప్పుకోను. కారు వెళ్లేదాకా ఆగితే ఆగండి, కానీ మానకండి. ఎందుకు కొలిపిస్తున్నారంటే ప్రహరీ కోసమని చెప్పండి, అందులో అబద్ధం ఏముంది, ఎప్పటికైనా కట్టాల్సిందే. అమీన్ వచ్చే రోజు మౌసాని దగ్గరుండి చూడమనండి, గుర్తులు పెట్టేటప్పుడు ఆ కొడుకు కూడా ఉంటే ఇంకా మంచిది. ఆయన ఎదురుగా కొలిచిన హద్దు మీద తర్వాత పేచీ పెట్టడం కష్టం. పోస్టుకి గుంత మాత్రం కొలత అయ్యాకే తవ్వండి. అరడుగు బయటికి వెళ్లిందంటే మళ్లీ పీకాలి.

గంజాం_పులి:

ఇన్సూరెన్సు లేదు, నడిపేవాడు లేడు, పెట్టడానికి జాగా లేదు. మౌసా ఆ కారు అమ్ముతారేమో కనుక్కో తమ్ముడూ, ఏ మోడలు? మా బావమరిది అస్కాలో సెకండ్ హ్యాండ్ కోసం తిరుగుతున్నాడు. వాడింటి ముందు జాగా ఉంది, నేను చూశాను.

బరంపురం_బుల్లోడు:

డీజిల్ స్విఫ్ట్. మీ బావమరిది నంబరు పర్సనల్ మెసేజ్‌లో పెట్టండి, మౌసాకి ఇస్తాను. పేరు మార్పిడికి భువనేశ్వర్ అల్లుడి సంతకం కావాలి, అది వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు.